ఇంటిని చుక్క రాకుండా సీల్ చేసేస్తే వరద ఆగుతుందా? (మాకు నడుం లోతు వచ్చింది)

గడపదాకా_నీళ్లు:
అందరికీ నమస్తే. నదికి ముప్పావు కిలోమీటరు దూరంలో మా ఇల్లు, గ్రౌండ్ ప్లస్ వన్, ఇటుక గోడలు. కట్టాక పదకొండేళ్లు ఏమీ రాలేదు, గత మూడేళ్లలో మాత్రం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి పాదాలు తడిసేంత, రెండోసారి హాల్లో నడుం దాకా. ఫ్రిజ్ తేలిందండీ, నమ్మండి, తేలుతూ వెళ్లి వంటగది తలుపుకి అడ్డంపడి నీళ్లు తీశాక తలుపు తెరవడానికి ముగ్గురం కావాల్సొచ్చింది. ఇక నావల్ల కాదు. ప్లాన్ ఏంటంటే బయట గోడలకి ఐదడుగుల దాకా వాటర్‌ప్రూఫ్ కోటింగ్, తలుపులకి రబ్బరు బీడింగ్ ఉన్న స్టీల్ షట్టర్లు, కింది కిటికీలు రెండూ మూసేయడం, కాంపౌండ్ వాల్ ఆరడుగులకి లేపడం. చుక్క లోపలికి రాకూడదు. ఇంకోటి, నది వెంబడి కరకట్ట కడతారని అంటున్నారు, అది వచ్చేస్తే ఈ ఖర్చంతా దండగేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సైటుమేస్త్రీ:
బ్రదర్, కోటింగ్ సంగతి తర్వాత, ముందు గోడ నిలబడుతుందా చూడండి. మీరు లీకేజీ గురించి ఆలోచిస్తున్నారు, నాకు తోపుడు గురించి భయం. లోపల నీళ్లు లేకపోతే బయట నీళ్లని తిరిగి తోసేది ఏదీ ఉండదు కదా. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పైనుంచి వచ్చే బరువు మొయ్యడానికి కట్టింది, పక్కనుంచి తోస్తే ఓర్చుకోడానికి కాదు. ఇలాగే షట్టర్లు బిగించిన ఇల్లొకటి చూశా, షట్టర్‌కి గీత కూడా పడలేదు, గోడే షట్టర్‌తో సహా హాల్లోకి వచ్చి పడుకుంది.

గడపదాకా_నీళ్లు:
మా దగ్గర ప్రవాహం లేదండీ, మెల్లగా పెరిగి నిలబడ్డ నీళ్లు. నిలవ నీళ్లకి అంత బలం ఉంటుందా?

కరకట్టబాబాయ్:
ఉంటుంది బాబూ. నీటిపారుదలలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యా, ఈ లెక్క నిద్రలో అడిగినా చెప్తా. క్యూబిక్ మీటరు నీళ్లు టన్ను బరువు. గోడకి మీటరు ఎత్తున నీళ్లు ఆనుకుంటే గోడ పొడవులో ప్రతి మీటరు మీదా అర టన్ను తోపు పడుతుంది. రెండు మీటర్లు నిలిస్తే టన్ను అనుకుంటారు అందరూ, కాదు, రెండు టన్నులు. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలు. నువ్వు చెప్పిన ఐదడుగులు అంటే మీటరున్నర, అక్కడ మీటరుకి టన్ను పైమాటే, పది మీటర్ల గోడయితే పదకొండు టన్నులు. ఇది కదలని నీళ్లకి. కొట్టుకొచ్చే దుంగలు, డ్రమ్ములు వేరే లెక్క.

ఇంకోటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేల బాగా నానితే గచ్చు కిందకీ నీళ్లు చేరతాయి, అవి పైకి తోస్తాయి. బయట నీళ్లు గచ్చు కన్నా మీటరు ఎత్తులో నిలిచి ఆ ఒత్తిడి పూర్తిగా కిందకి చేరిందంటే చదరపు మీటరుకి టన్ను పైకి. నాలుగంగుళాల కాంక్రీటు గచ్చు బరువు చదరపు మీటరుకి పావు టన్నే. మిగతాది నువ్వే లెక్కేసుకో. గోడలన్నీ భేషుగ్గా సీల్ చేసిన ఇంట్లో నట్టింట గచ్చు ఉబ్బి పగిలిందంటే ఇదే కారణం.

వాదనలరాయుడు:
అలాగైతే పడవలెందుకు పగలట్లేదు బాబాయ్ గారూ? పెద్ద బిల్డింగుల కింద రెండు మూడు సెల్లార్లు భూగర్భ జలం మధ్యలోనే కూర్చుని ఉంటాయి, అవి ఆగట్లేదా? చెయ్యలేం అని భయపెట్టడం కాదు, ఎలా చెయ్యాలో చెప్పండి.

కరకట్టబాబాయ్:
ఆగుతున్నాయి, ఎందుకంటే వాటి గోడలు, అడుగు స్లాబు మొదట్నించీ ఆ తోపుకే డిజైన్ చేసి మందంగా, లోపల స్టీలు అల్లి పోస్తారు. తేలిపోకుండా పైన బిల్డింగ్ బరువు ఉంటుంది, అదీ చాలదనుకుంటే కింద యాంకర్లు దింపుతారు. కట్టేసిన ఇటుక ఇంటికి పైపైన పెయింట్ వేసి సెల్లార్ అయిపోమంటే అవదు కదా నాయనా.

నిత్యచదువరి:
దీని మీద కొంచెం చదివాను కాబట్టి రాస్తున్నా. నీళ్లు బయటే ఆపడాన్ని డ్రై ఫ్లడ్‌ప్రూఫింగ్ అంటారు, లోపలికి రానిచ్చి నష్టం తగ్గించుకోవడాన్ని వెట్ ఫ్లడ్‌ప్రూఫింగ్ అంటారు. అమెరికా విపత్తు సంస్థ ఫెమా సలహా ఏంటంటే మామూలు ఇళ్లకి మూడడుగులకి మించి డ్రై పెట్టుకోవద్దు అని, అదీ గోడలు గట్టివైతేనే. వాళ్ల వరద బీమా రూల్స్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది, మ్యాపుల్లో ముంపు ప్రాంతంగా గుర్తించిన చోట కొత్తగా కట్టే ఇళ్లకి సీల్ చేశాం అంటే సాధారణంగా ఒప్పుకోరు, ఇంటి ఎత్తు పెంచాల్సిందే. సీల్ చేసే వీలు దుకాణాలు, ఆఫీసుల లాంటి వాటికి. ఎందుకంటే సీల్ తప్పితే లోపల నిద్రపోయే మనిషి ఉంటాడు.

వానచినుకు:
లోపలికి రానివ్వడం అనగానే అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు కానీ మేం చేసింది అదే, అన్నయ్యా వినండి. మాకు రెండు వరదలయ్యాక కింది అంతస్తుని తడిసినా పర్లేదు అనేలా మార్చేశాం. కింద ప్లైవుడ్ కప్‌బోర్డులు, పార్టికల్ బోర్డు, జిప్సం ఫాల్స్ గోడలు అన్నీ తీసేశాం, మొదటి వరదకి పార్టికల్ బోర్డు అల్మారా తడిసిన బిస్కెట్టులా చేతికే ఊడొచ్చింది అందుకే కసి. ఇప్పుడు నాలుగడుగుల దాకా సిమెంట్ ప్లాస్టర్ మీద టైల్స్, కింద షెల్ఫులన్నీ కడప రాయి పలకలు, తలుపులు గట్టి చెక్కవి, సులువుగా మడతబందులనుంచి ఊడేలా. హెచ్చరిక రాగానే తలుపులు ఊడదీసి పైకి పట్టుకెళ్తాం. పోయినసారి రెండున్నర అడుగులు వచ్చింది, నీళ్లు దిగాక బురద ఆరకముందే పైపుతో కడిగేశాం (ఆరనిస్తే సిమెంటులా పట్టేస్తుంది, ఇది ఎవరూ చెప్పలేదు మాకు), నాలుగో రోజుకి కింద మనుషులం తిరుగుతున్నాం. అంతకుముందు ఇదే పనికి మాకు రెండు నెలలు పట్టింది.

గడపదాకా_నీళ్లు:
అంటే డ్రైనేజీ నీళ్లు కలిసిన మురికి అంతా ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టాలా మేడమ్? మనసు ఒప్పట్లేదు.

వానచినుకు:
మాకూ ఒప్పలేదండీ. రెండోసారి ఒప్పుకుంది.

నిత్యచదువరి:
వెట్ పద్ధతిలో ఒక కొలత గుర్తుపెట్టుకోండి. కింద మూసిన గది ఏదైనా ఉంటే, గరాజు లాంటిది, దాని గోడలకి నీళ్లు వాటంతటవే వచ్చి పోయే కంతలు పెడతారు. అమెరికా లెక్కలో చదరపు అడుగు నేలకి చదరపు అంగుళం కంత, కనీసం రెండు కంతలు, అవి వేర్వేరు గోడల్లో, బయట నేలకి అడుగులోపు ఎత్తులో. లోపలా బయటా మట్టం ఒకేలా పెరిగితే గోడకి తోపే ఉండదు.

ప్లగ్‌పాయింట్:
నేను కరెంట్ పని చేస్తా, నా వంతు చెప్పేస్తా. ఏ పద్ధతైనా సరే ముందు చెయ్యాల్సింది ఇది, గోడ పడక్కర్లేదు ఒక్క ప్లగ్ చాలు మనిషి పోడానికి. కింది అంతస్తు స్విచ్‌లు, సాకెట్లు అన్నీ పాత వరద గుర్తు కంటే పైకి లేపండి, వైరింగ్ పైనుంచి కిందకి దిగేలా వెయ్యండి, గచ్చులోంచి పైకి వచ్చే పైపుల్లో నీళ్లు నెలల తరబడి నిలుస్తాయి. మెయిన్ బోర్డు పై అంతస్తుకి. కింద పైన వేరే వేరే సర్క్యూట్లు, కింద ఆపేసినా పైన లైటు వెలగాలి. కరెంట్ లీకైతే వెంటనే ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. ఇన్వర్టర్ బ్యాటరీ నేలమీద పెడతారు అందరూ, ఎందుకో నాకర్థం కాదు. ముఖ్యంగా నీళ్లలో నిలబడి మెయిన్ ఆపడానికి వెళ్లకండి, పాదం తడవకముందే ఆపాలి.

సైటుమేస్త్రీ:
ఇంకో దొంగ దారి ఉంది, మీరు తలుపులన్నీ మూసుకుని కూర్చుంటే బాత్రూమ్ లోంచి వస్తాయి. రోడ్డు డ్రైనేజీ నిండితే మీ కమోడ్, ఫ్లోర్ ట్రాప్ లోంచి వెనక్కి తంతుంది. బయటికి వెళ్లే లైన్ మీద నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, ఏడాదికోసారి తెరిచి శుభ్రం చెయ్యండి, జుట్టు, గుడ్డపేలికలు అడ్డంపడితే రేకు మూసుకోదు. ఇంకా మీ భూమిలోని సంపు ప్లాస్టిక్ ట్యాంక్ అయితే వరద టైంలో ఖాళీగా ఉంచకండి, నింపి పెట్టండి. ఖాళీ ట్యాంక్ నేల నానితే బుంగలా పైకి లేస్తుంది, మీద వేసిన గచ్చుని పగలగొట్టుకుని మరీ.

గడపదాకా_నీళ్లు:
సంపు నిజంగానే పైకి వచ్చిందండీ పోయినసారి, అరడుగు! మేం ఎవరో మూత సరిగ్గా పెట్టలేదనుకున్నాం.

వాదనలరాయుడు:
సరే ఇంటి సంగతి ఒప్పుకున్నా. కానీ ఇలా ఒక్కో ఇల్లూ స్విచ్‌లు లేపుకుంటూ కూర్చోవడం కంటే కరకట్ట కట్టిస్తే ఊరంతా బాగుపడుతుంది కదా. నెదర్లాండ్స్ చూడండి, దేశంలో పెద్ద భాగం సముద్ర మట్టం కింద ఉంది. 1953 వరదలో అక్కడ 1,836 మంది పోయారు, ఆ తర్వాత డెల్టా వర్క్స్ అని సముద్రాన్ని ఆపే పెద్ద కట్టలు, గేట్లు కట్టారు, అంత విషాదం మళ్లీ జరగలేదు. కట్టలు పనిచెయ్యవు అనేవాళ్లు దానికి జవాబు చెప్పాలి.

నిత్యచదువరి:
పనిచెయ్యవని ఎవరన్నారు? ఒక్క కట్టల మీదే ఆధారపడితే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలో మిసిసిపి నదికి 1927లో వచ్చిన వరద చూడండి. అప్పటిదాకా అక్కడి ఇంజనీర్ల పాలసీయే ఒట్టి కట్టలు, ఇంకేమీ అక్కర్లేదు అని. నదిని రెండు కట్టల మధ్య బిగించారు, మట్టం పైకే పెరిగింది, కట్టలు పెంచారు, మళ్లీ పెరిగింది. 1927లో పలుచోట్ల తెగి సుమారు 70 వేల చదరపు కిలోమీటర్లు మునిగింది. న్యూ ఆర్లియన్స్‌ని కాపాడ్డానికి దిగువన కర్నార్వన్ దగ్గర కట్టని డైనమైట్ పెట్టి వాళ్లే పేల్చారు, అక్కడి పేదలు మునిగారు. మరుసటి ఏడాది చట్టం తెచ్చి పాలసీ మార్చుకున్నారు, వరద నీళ్లు పక్కకి పోయే దారులు కూడా కట్టారు, బోనె కారె స్పిల్‌వే 1931కి పూర్తయ్యింది.

మీరు చెప్పిన నెదర్లాండ్స్ కూడా 1993, 1995 నది వరదల తర్వాత (1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు) కట్టలు పెంచుతూ పోవడం ఆపి నదికి చోటిద్దాం అని మారింది. నైమేగన్ దగ్గర వాల్ నది వంపు తిరిగి సన్నబడుతుంది, అక్కడ కట్టని 350 మీటర్లు వెనక్కి జరిపి పక్కన కొత్త పాయ తవ్వారు.

వాదనలరాయుడు:
కట్టని వెనక్కి జరపడం కూడా కట్టే కదా :)
కెనడాలో విన్నిపెగ్ సంగతి చెప్పండి మరి. 1950 వరద తర్వాత ఊరి చుట్టూ 47 కిలోమీటర్ల వరద కాలువ తవ్వారు, 1968కి పూర్తయ్యింది, డఫ్ రాబ్లిన్ అనే నాయకుడు పట్టుబట్టి చేయించాడు, అప్పట్లో అందరూ డఫ్ గారి గుంట అని ఎగతాళి చేశారు. 1997 వరదకి విన్నిపెగ్‌లో చాలామటుకు కాపాడింది ఆ గుంటే.

కరకట్టబాబాయ్:
రాయుడు చెప్పింది మంచి ఉదాహరణ, ఒప్పుకుంటా. వరద కాలువ, బైపాస్ నాకెప్పుడూ ఇష్టం, అది నీళ్లకి దారి ఇస్తుంది, కట్ట దారి మూస్తుంది. కానీ చోటుండాలి, ముందుచూపుండాలి, ఊరు పెరిగాక తవ్వలేవు. టోక్యో పక్కన చోటు లేక నేల కింద యాభై మీటర్ల లోతున ఆరు కిలోమీటర్ల పైన సొరంగం వేశారు, 2006కి పూర్తయ్యింది, దాని చివరి ట్యాంకులో 59 స్తంభాలు. అదీ సరే, అందరి వల్లా అయ్యే పని కాదు.

కట్ట విషయం నేను పని చేసిన మనిషిగా చెప్తా. కట్ట పైనుంచి నీళ్లు పొర్లి తెగడం జనం ఊహించుకునేది. అది ఒకటి. రెండోది లోపలి నుంచి తెగడం. నది మట్టం వారం రోజులు పైన నిలిస్తే నీళ్లు కట్ట కింద ఇసుక పొరలోంచి ఊరివైపుకి ఊరతాయి. ఒక రాత్రి రెండింటికి టార్చ్ పట్టుకుని కట్ట అడుగున నడుస్తుంటే పొలం గట్టు పక్కన పళ్లెమంత వెడల్పు నీటి బుగ్గ కనిపించింది, మధ్యలో నీళ్లు మరుగుతున్నట్టు గుబగుబలాడుతున్నాయి, చుట్టూ సన్న ఇసుక చిన్న దిబ్బలా పేరుకుని ఉంది. చేత్తో ముట్టి చూశా. నీళ్లు తేటగా వస్తే పర్లేదు, ఊట మామూలే. ఇసుక మోసుకొస్తుంటే కట్ట కిందినుంచి కట్టనే కొంచెం కొంచెం తోడుకొస్తోందన్నమాట, లోపల బుంగ పడుతోంది. కొత్తగా వచ్చిన కుర్రాడు బస్తా తెచ్చి దానిమీద వెయ్యబోయాడు, ఆపాను. నోరు మూస్తే పక్కన ఇంకో నోరు తెరుచుకుంటుంది. బుగ్గ చుట్టూ బస్తాలతో బావిలా గుండ్రంగా కట్టాలి, లోపల నీళ్లు మెల్లగా పెరిగి ఆ బరువే ఊటని తగ్గిస్తుంది, ఇసుక రావడం ఆగేదాకా ఎత్తు పెంచాలి, తర్వాత తేట నీళ్లు పొర్లి పోనివ్వాలి. తెల్లారేదాకా నలభై మందిమి అదే పని. పైనుంచి చూస్తే కట్ట రాయిలా ఉంది, నది అంచుకి ఇంకా నాలుగడుగులు కిందే ఉంది.

అందుకే చెప్తున్నా, ఎత్తు ఒక్కటే చూసి కట్ట బాగుంది అనుకోకు. ఎలకలు, పందికొక్కులు చేసిన బొరియలు, కట్ట మీద పెద్ద చెట్ల వేర్లు, ఎవరో పైపు వెయ్యడానికి తవ్వి సరిగ్గా దిమ్మిస కొట్టకుండా పూడ్చిన చోటు, ఇవే తెగేవి.

నిత్యచదువరి:
బాబాయ్ గారు చెప్పిందానికి తోడుగా, 2005 న్యూ ఆర్లియన్స్. హరికేన్ కత్రినాకి ఊరు 80 శాతం మునిగింది. 17వ వీధి కాలువ ఫ్లడ్‌వాల్ నీళ్లు పైదాకా రాకముందే కింద మెత్తటి మట్టి జారి పడిపోయింది. అలాగే 2008లో కోసీ నది నేపాల్‌లో కుసహా దగ్గర కట్ట తెంచుకుని బిహార్ మీద పడింది, ఆ రోజు ప్రవాహం కట్ట డిజైన్ చేసిన దానికంటే చాలా తక్కువే. కోసీ లాంటి ఒండ్రు మోసే నదికి కట్టలేస్తే ఆ ఒండ్రంతా కట్టల మధ్యే పేరుకుని నది అడుగు ఏటేటా పైకి లేస్తుంది, చైనాలో పసుపు నది దిగువ భాగం చుట్టుపక్కల నేలకంటే ఎత్తులో పారుతోంది ఈ కారణానికే.

వానచినుకు:
ఇంకో సంగతి కూడా, కట్ట వచ్చాక జనం ధైర్యంగా దాని పక్కనే కట్టుకుంటారు. అదివరకు ఏటా మోకాలు లోతు వచ్చే చోట ఎవరూ ఇల్లు కట్టరు, కట్ట పడ్డాక లేఅవుట్ వస్తుంది. తెగినరోజు పోయేది ముందుకంటే ఎక్కువ.

నిత్యచదువరి:
అవును, దీన్ని గిల్బర్ట్ వైట్ అనే అమెరికా భూగోళ శాస్త్రవేత్త 1940లలోనే గట్టిగా చెప్పాడు. కట్టలొద్దని కాదు, కట్టలతోపాటు ఎక్కడ కట్టుకోవాలి, ఎలా కట్టుకోవాలి, హెచ్చరిక ఎలా, బీమా ఎలా, అన్నీ కలిపి చూడాలని.

గడపదాకా_నీళ్లు:
వందేళ్ల వరదకి డిజైన్ చేస్తారట మా కట్ట. మొన్న వచ్చింది వందేళ్ల వరదేనని కూడా అన్నారు. అంటే ఇంక మా జీవితంలో రాదు కదా అని ఇంట్లో వాదన.

నిత్యచదువరి:
కాదండీ, ఈ పేరు పెట్టినవాళ్లని ఏమనాలో. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దానర్థం. పోయినేడు వచ్చినా వచ్చే ఏడు మళ్లీ అదే నూటికి ఒకటి. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఉంటే కనీసం ఒకసారి చూసే అవకాశం 26 శాతం, నాలుగింట ఒకటి పైనే.

సైటుమేస్త్రీ:
అసలు మీ ప్రశ్నలో కాంపౌండ్ వాల్ మిగిలిపోయింది బ్రదర్. ఆరడుగుల గోడ కట్టారంటే మీరూ చిన్న కరకట్ట కట్టారన్నట్టే, దాని రోగాలన్నీ మీకూ వస్తాయి. కింద పునాది లోతు లేకపోతే అడుగునుంచి ఊట. లోపల పడ్డ వాన బయటికి పోదు, దానికి పంపు కావాలి, కరెంట్ పోతే పంపు ఆగుతుంది. ఒకవైపునుంచి ఆరడుగులు తోస్తే మామూలు కాంపౌండ్ గోడ పేకముక్క. నిలబడిందే అనుకోండి, మీ స్థలంలో నిలవాల్సిన నీళ్లు పక్కింటికి పోతాయి, వాళ్లు మీతో మాట్లాడరు.

గడపదాకా_నీళ్లు:
సరే బాబూ, ఒప్పుకున్నా, చుక్క రాకూడదు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి ఇల్లు ఎత్తు లేపించడం? జాకీలతో లేపుతున్న వీడియోలు చూశా.

నిత్యచదువరి:
ఊరికి ఊరే లేపినవాళ్లు ఉన్నారు. అమెరికాలో గాల్వెస్టన్ అని ద్వీపం మీద ఊరు, 1900లో తుఫాను ఉప్పెనకి వేలమంది పోయారు. వాళ్లు సముద్రం వైపు పెద్ద గోడ కట్టి, ఆ గోడ వెనకున్న రెండువేలకి పైగా భవనాలని జాకీల మీద లేపి, కింద ఖాళీలోకి ఇసుక కలిపిన నీళ్లు పంపు చేసి నేలనే పైకి తెచ్చారు. ఏళ్లపాటు జనం చెక్క వంతెనల మీద వీధుల్లో తిరిగారు. గోడ ఒక్కటి చాలని వాళ్లు అనుకోలేదు చూడండి, గోడా కావాలి ఎత్తూ కావాలి అన్నారు. బంగ్లాదేశ్‌లో నది లంకల్లో ఇళ్ల కింద మట్టి దిబ్బ ఎత్తు పెంచుకుంటారు, సూత్రం అదే.

సైటుమేస్త్రీ:
లేపొచ్చు. కానీ ఒకటిన్నర అంతస్తు ఇటుక ఇల్లు కాదు మీది, గ్రౌండ్ ప్లస్ వన్, గోడల మీద నిలబడ్డది. బాగా తెలిసినవాళ్లతో, స్ట్రక్చరల్ ఇంజనీర్ కాగితం మీద రాసిచ్చాకే. లేపినా నాలుగు వైపులా మెట్లు, డ్రైనేజీ వాలు అన్నీ మళ్లీ. మీకు పైన అంతస్తు ఉంది కదా, కాపురం పైకి మార్చేసి కింద పార్కింగ్, సామాన్లకి వాడుకోండి, అదే అన్నిటికంటే చవకైన ఎత్తు.

గడపదాకా_నీళ్లు:
అమ్మకి మోకాళ్లు నెప్పి, మెట్లు ఎక్కలేదు. రోజూ అయితే కష్టం. ఏడాదికి ఒకటి రెండు సార్లు మోసుకెళ్లగలం. కింద ఒక గది, బాత్రూమ్ ఆమెకి ఉండాలి.

సైటుమేస్త్రీ:
అయితే ఇలా చెయ్యండి. తలుపుకి అటూ ఇటూ గోడకి స్టీల్ చానళ్లు బిగించి వాటిలోకి పైనుంచి జారే అల్యూమినియం బోర్డులు. ఎత్తు రెండున్నర అడుగులు, అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ వద్దు. గోడలకి కూడా అంతవరకే కోటింగ్. ముందు గోడ, గచ్చు ఇంజనీర్‌కి చూపించండి, ఆయన రెండు అడుగులే అంటే రెండే. చిన్న వరదలు బయటే ఆగుతాయి. అంతకుమించి పెరిగితే నీళ్లు బోర్డు మీదుగా వాటంతటవే లోపలికి పొర్లుతాయి, లోపల నిండితే గోడకి తోపు తగ్గుతుంది. ఆ బోర్డు ఎత్తే మీకు సేఫ్టీ వాల్వ్. పొడుగు షట్టర్ వేస్తే ఆ టైంలో మీరు తెరవాలనుకున్నా తెరుచుకోదు, బాబాయ్ గారు చెప్పారుగా, మీటరు ఎత్తు నీళ్లకే మీటరు వెడల్పు తలుపు మీద అర టన్ను కూర్చుని ఉంటుంది.

కరకట్టబాబాయ్:
శభాష్ మేస్త్రీ. పెద్ద కట్టలకీ ఇదే చేస్తారు. ఎక్కడో ఒకచోట కావాలని కొంచెం తక్కువ ఎత్తు ఉంచి రాళ్లు పరుస్తారు, పొర్లితే అక్కడే పొర్లాలి అని. 2011లో మిసిసిపి మీద బర్డ్స్ పాయింట్ దగ్గర ఇంజనీర్లు కట్టని వాళ్లే పేల్చి లక్షా ముప్పై వేల ఎకరాల పొలాల్లోకి నీళ్లు వదిలారు, ఎగువనున్న కైరో అనే అమెరికా ఊరు మునగకుండా. అది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు, 1928 చట్టం కింద వేసిన ప్లాన్‌లోనే ఆ చోటు నిర్ణయించి పెట్టుకున్నారు. రైతులు కోర్టుకి వెళ్లారు, అది వేరే సంగతి, వాళ్ల బాధ వాళ్లది.

వాదనలరాయుడు:
అంటే తెగేది ఎలాగూ తెగుతుంది, ఎక్కడ తెగాలో ముందే చూసుకో అంటారు.

కరకట్టబాబాయ్:
తెగదు, పొర్లుతుంది. తెగడం వేరు పొర్లడం వేరు. గండి పడితే గంటలో మీ పీకల దాకా వస్తుంది, పొర్లితే పైకెళ్లడానికి టైం ఇస్తుంది.

ప్లగ్‌పాయింట్:
ఇసుక బస్తాల గురించి ఎవరూ చెప్పలేదేంటి. జనం బస్తా నిండా కుక్కి మూతి బిగించి కట్టేస్తారు, రాయిలా తయారవుతుంది, రెండు బస్తాల మధ్య సందులోంచి నీళ్లు. సగం, మహా అయితే మూడింట రెండు వంతులు నింపి, మూతి మడిచి కిందపెట్టి, కాలితో తొక్కి అణచాలి. ఇటుక కట్టుబడిలా జాయింట్ మీద బస్తా రావాలి. ఎత్తుకి మూడింతలు అడుగు వెడల్పు. కింద ప్లాస్టిక్ షీట్.

వానచినుకు:
నీళ్లు దిగాక ఆత్రంగా పంపు పెట్టకండి, ముఖ్యంగా కింద సెల్లార్ ఉన్నవాళ్లు. బయట నేల ఇంకా నానే ఉంటుంది, లోపల ఒక్కసారి ఖాళీ చేస్తే గోడ లోపలికి కూలుతుంది. రెండు మూడు అడుగులు తోడి, గోడ మీద గీత గీసి, మర్నాటిదాకా ఆగి చూడాలి. గీత పైకి మళ్లీ పెరిగిందంటే ఇంకా తొందరపడ్డట్టే.

గడపదాకా_నీళ్లు:
(ఏడు వారాల తర్వాత) అప్‌డేట్ ఇస్తానన్నా కదా. ఇంజనీర్ వచ్చి చూశారు, గోడలు సుత్తితో కొట్టి, ఒకచోట గచ్చు పగలగొట్టి చూసి రెండడుగుల మూడంగుళాలు అన్నారు. బోర్డులు అంతే ఎత్తులో చేయించాం, రెండు తలుపులకి మొత్తం ఆరు పలకలు. స్విచ్‌లు లేపాం, మెయిన్ బోర్డు పైన. నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాం. అమ్మ గదిలో మంచం ఇనపది, అల్మారా గోడకి నాలుగున్నర అడుగుల ఎత్తున బిగించాం, ఆమె కూర్చుని అందుకోలేనని సణుగుతోంది. కాంపౌండ్ వాల్ ముట్టుకోలేదు, పక్కింటాయన అడిగి మరీ సంతోషించాడు. కరకట్ట సర్వేకి మనుషులొచ్చి రాళ్లు పాతి వెళ్లారు, అంతే.

నిన్న ఆదివారం రిహార్సల్ చేశాం, వాన లేకుండా. మొదటి తలుపుకి ఇరవై రెండు నిమిషాలు పట్టింది, రెండోదానికి పలక చానల్‌లో సగంలో ఇరుక్కుంది, ఎండకి రబ్బరు ఉబ్బినట్టుంది. కొంచెం సబ్బునీళ్లు రాస్తే దిగింది.

సైటుమేస్త్రీ:
సబ్బు వద్దు, సిలికాన్ గ్రీజు రాయండి, సబ్బు ఆరాక ఇంకా పట్టేస్తుంది. బోర్డులు ఎక్కడ పెట్టారు?

గడపదాకా_నీళ్లు:
వెనక షెడ్డులో.

సైటుమేస్త్రీ:
షెడ్డు గచ్చు ఇంటికంటే ఎంత కింద?

గడపదాకా_నీళ్లు:
అడుగున్నర. అర్థమైంది, ఇప్పుడే మెట్ల మీదకి మోస్తున్నా.